డెబ్బై రోజులైనా డేట్ రాలేదు, స్కాన్‌లో నీటి బుడగలన్నారు: షాపులో ఇచ్చిన మాత్ర వేసుకోవచ్చా?

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెప్తాను, ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిచేయండి. వయసు 21, హాస్టల్లో ఉండి చదువుతున్నారు. 13వ ఏట పెద్దమనిషి అయ్యారు. ఇంటర్ రోజుల్లో 30, 32 రోజులకోసారి నెలసరి వచ్చేది. ఈ ఏడాదిగా 40, 50 అయి, ఇప్పుడు 70 రోజులైనా రాలేదు. స్కాన్ తీయిస్తే రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలు, పీసీఓడీ అని రాశారు. మందుల షాపులో అయిదు రోజుల మాత్రలిచ్చి, ఆపగానే డేట్ వచ్చేస్తుందన్నారు. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్ర, గ్యాస్‌కి పొద్దున్నే ఒక క్యాప్సూల్ వాడుతున్నారు. చివర్లో, అదేదో సంబంధం లేని విషయంలా, ఈ ఏడాదిలోనే డైటింగ్ చేసి 54 కిలోల నుంచి 46కి వచ్చానని, ఎత్తు 160 సెంటీమీటర్లని రాశారు. ఇంట్లో వాళ్ళేమో పెళ్ళయితే అదే సర్దుకుంటుందంటున్నారు.

షాపు మాత్రలు ఇప్పుడే వేసుకోకండి. అవి విషమని కాదు. వాటితో డేట్ వస్తుంది, ఎందుకు ఆగిందో మాత్రం తెలియదు, పైగా చేయించాల్సిన రక్తపరీక్షలు కొన్ని వాటివల్ల తారుమారవుతాయి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది స్కాన్ రిపోర్టు కాదు, చివర్లో రాసిన ఆ ఎనిమిది కిలోలు. అక్కడికి వస్తాను, ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది గర్భం. తెలుగులో 'నెల తప్పింది' అంటే అర్థం ఒకటే. అందుకే ఏ డాక్టరైనా ముందు ఆ ప్రశ్నే అడుగుతారు, పెళ్ళికాని అమ్మాయినైనా సరే. నొచ్చుకోవద్దు, నిజం చెప్పండి. పక్కన అమ్మో అత్తయ్యో ఉంటే "రెండు నిమిషాలు డాక్టరుతో విడిగా మాట్లాడతాను" అనండి, అది మామూలే. అవకాశమే లేదంటే ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్ళండి.

అవకాశం ఉంటే మూత్ర పరీక్ష కార్డు తెచ్చుకోండి. ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, ఆశా కార్యకర్తల దగ్గర 'నిశ్చయ్' పేరుతో ఉండే కార్డు కూడా ఇదే. కవరు మీద గడువు తేదీ చూడండి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పొడిగా ఉన్న శుభ్రమైన కప్పులో పట్టండి. మూత్రం రావాలని ముందు సీసాడు నీళ్ళు తాగితే హార్మోన్ పలచబడి ఫలితం తప్పొచ్చు. కార్డుని చదునైన చోట పెట్టి, డ్రాపర్‌తో గుండ్రటి గుంటలో రెండు మూడు చుక్కలు వేసి, కవరు మీద రాసినంతసేపు, మామూలుగా అయిదు నిమిషాలు ఆగండి. 'సి' దగ్గర గీత తప్పనిసరిగా రావాలి, రాకపోతే కార్డు పాడైందని. 'టి' దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా ఉన్నట్టే. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు గీత మూత్రం ఆరిపోయిన మరక, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నెలసరి సక్రమంగా వచ్చేవాళ్ళు డేట్ దాటిన రోజు నుంచే పరీక్ష చేసుకోవచ్చు. మీలా ఎప్పుడొస్తుందో తెలియని వాళ్ళకి ఆ లెక్క పనికిరాదు. చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు దాటాక చేస్తేనే 'లేదు' అన్న మాటను నమ్మొచ్చు. అంతకు ముందే చేసి ఒక్క గీతే వస్తే వారం ఆగి మళ్ళీ చేయండి. 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర, అంటే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా., వాడి ఉంటే దానివల్ల కూడా డేట్ వారం అటూఇటూ జరుగుతుంది. రెండు గీతలొచ్చి, పొత్తికడుపులో ఒకవైపే నొప్పి, కళ్ళు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. పిండం ట్యూబులో ఉండొచ్చు, అది ప్రాణం మీదికి తెచ్చేది. గర్భం వద్దనుకున్నా షాపులో మాత్రలు కొని మింగకండి. 1971 నాటి గర్భస్రావ చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు గర్భం తీయించుకోవడానికి ఒక డాక్టరు అభిప్రాయం చాలు, పెళ్ళికాని వాళ్ళకూ ఇది వర్తిస్తుంది, మీ పేరు బయటపెట్టకూడదు.

రెండోది లెక్క. "నాకు ప్రతి నెలా 5కే రావాలి" అనుకుని, 2కి వస్తే తప్పిందని కంగారుపడేవాళ్ళు చాలామంది. తేదీని కాదు, రోజుల్ని లెక్కపెట్టాలి. రక్తస్రావం సరిగ్గా మొదలైన రోజు ఒకటో రోజు, ముందురోజు కనిపించిన చిన్న మరక లెక్కలోకి రాదు. మార్చి 3న మొదలై, తర్వాతిది ఏప్రిల్ 12న మొదలైతే అది 40 రోజుల చక్రం. 28 రోజుల చక్రం ఉన్న అమ్మాయికి ప్రతి నెలా తేదీ రెండు మూడు రోజులు ముందుకు జరుగుతూనే ఉంటుంది, అది ఇర్రెగ్యులర్ కాదు.

ఎన్ని రోజులు మామూలు అన్నది పెద్దమనిషి అయి ఎన్నేళ్ళయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి ఏడాది ఎలా వచ్చినా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య 21 నుంచి 45 రోజులు, మూడేళ్ళు దాటాక 21 నుంచి 35 రోజులు. ఏడాదికి ఎనిమిదిసార్ల కన్నా తక్కువ వచ్చినా తేడా ఉన్నట్టే. మొదటి ఏడాది గడిచాక ఎప్పుడైనా సరే, ఒక్కసారైనా 90 రోజులు దాటితే చూపించుకోవాలి. పదిహేనేళ్ళు నిండినా అసలు పెద్దమనిషి కాకపోతే, పదమూడేళ్ళకి రొమ్ములు ఎదగడం మొదలుకాకపోతే అది వేరే కథ, ఆలస్యం చేయకుండా వెళ్ళాలి. నెలనెలా కడుపునొప్పి వస్తూ రక్తం మాత్రం రాని పిల్లల్లో కొందరికి కన్నెపొర పూర్తిగా మూసుకుని ఉంటుంది, చిన్న ఆపరేషన్‌తో పోతుంది. దాన్ని ఏళ్ళ తరబడి గ్యాస్ నొప్పి అనుకోవడమే అసలు బాధ.

మీకు ఎనిమిదేళ్ళయింది. కాబట్టి 40, 50 రోజులంటే తేడానే.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోటు నుంచి గంటా రెండు గంటలకోసారి చిన్న సంకేతం వెళ్తుంది. దాని కింద పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు వదులుతుంది. వాటితో అండాశయంలో ఒక అండం పెరుగుతూ ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది, ఆ ఈస్ట్రోజెన్‌తో గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వస్తుంది. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకి ప్రొజెస్టెరాన్ పడిపోయి పొర ఊడిపోతుంది. అదే నెలసరి. ఆ చివరి రెండు వారాలు ఎవరికైనా కొంచెం అటూఇటూగా అంతే. అంటే డేట్ ఆలస్యమైందంటే, అండం విడుదల కావడం ఆలస్యమైందన్నమాట. 50 రోజులకు వచ్చిన నెలసరికి అండం 36వ రోజు ప్రాంతంలో విడుదలై ఉంటుంది, లేదా అసలు విడుదలే కాకుండా పొర నిలవలేక రాలి ఉంటుంది. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి జ్వరం, పరీక్షల ఒత్తిడి, ఊరు మారడం, ఇవన్నీ ఒకట్రెండు నెలలు ఆలస్యం చేసేది ఈ మొదటి సంకేతాన్ని తగ్గించే.

'రాకపోతే చెడు రక్తం లోపలే పేరుకుపోతుంది, ఒంట్లో వేడి చేస్తుంది' అన్నది నిజం కాదు. లోపల రక్తం నిల్వ ఉండే సంచి ఏదీ లేదు. నువ్వులు బెల్లం, బొప్పాయి తింటే నష్టం లేదు, ఆగిన డేట్‌ని అవి తెప్పించనూ లేవు. వచ్చిందంటే ఆ వారంలో ఎలాగూ రావలసిందే.

ఇక స్కాన్ సంగతి. 'నీటి బుడగలు' అన్న మాట చాలామందిని భయపెడుతోంది. అవి గడ్డలు కావు, పగిలిపోవు, ఆపరేషన్ చేసి తీయాల్సినవీ కావు. పెరగడం మొదలై మధ్యలో ఆగిన చిన్నచిన్న అండకోశాలు. ఒక్కోటి 2 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇరవయ్యేళ్ళ ప్రాంతంలో ఏ ఇబ్బందీ లేని అమ్మాయిల అండాశయాల్లోనూ ఇవి బోలెడు కనిపిస్తాయి. అందుకే పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్ళలోపు స్కాన్ చూసి పీసీఓడీ అనకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. అండాల నిల్వ చూసే ఏఎంహెచ్ రక్తపరీక్ష కూడా ఆ వయసులో దీనికి పనికిరాదు. మీరు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు.

పీసీఓడీ, పీసీఓఎస్ వాడుకలో రెండూ ఒకటే. పెద్దవాళ్ళలో మూడింట రెండు ఉంటే ఆ పేరు పెడతారు: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం, స్కాన్‌లో ఆ రకం అండాశయాలు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన లెక్క ఇది. టీనేజీ పిల్లలకైతే మొదటి రెండూ తప్పనిసరిగా ఉండాలి. అదీకాక థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి మిగతా కారణాలు లేవని తేలాకే ఆ పేరు. అంటే పీసీఓఎస్ స్కాన్ గదిలో తేలేది కాదు. మగ హార్మోన్లు ఎక్కువైతే గడ్డం కింద, పై పెదవి మీద, బొడ్డు కింద ముదురు వెంట్రుకలు, మందులకు లొంగని మొటిమలు, నడినెత్తిన జుట్టు పలచబడటం ఉంటాయి. ఇక్కడో చిన్న మాట: పార్లర్‌లో థ్రెడింగ్, వ్యాక్సింగ్, లేజర్ చేయించుకుని డాక్టరు ముందు కూర్చుంటే ఆయనకు ఏమీ కనబడదు. చేయించుకుంటున్న సంగతి నోటితో చెప్పాలి. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా నల్లగా మందంగా ఉంటే అది మురికి కాదు, పీచుతో ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందనడానికి అది గుర్తు.

మీరు వీటిలో ఒక్కటీ రాయలేదు. లేకపోతే, మీకు పీసీఓఎస్ అని నమ్మడానికి ఇప్పటికి ఆధారం తక్కువ.

మళ్ళీ ఆ ఎనిమిది కిలోల దగ్గరికి వద్దాం. 160 సెంటీమీటర్లకి 46 కిలోలంటే బీఎంఐ 18. మామూలు కనీసం 18.5. అంతకన్నా ముఖ్యం, నెలసరి వెనక్కి జరగడం మొదలైందీ బరువు తగ్గడం మొదలైందీ ఒకే ఏడాది. ఒంటికి అందే తిండి, ఖర్చయ్యే శక్తికి చాలకపోతే మెదడు ముందు ఆపేది ఆ మొదటి సంకేతాన్నే. బిడ్డను మోసే స్థోమత ఈ ఒంటికి ఇప్పుడు లేదని శరీరం చేసే లెక్క అది. దీన్ని హైపోథాలమిక్ అమెనోరియా అంటారు. దీనికి ఎముకల గూడులా కనిపించాల్సిన పని లేదు. బరువు మామూలుగానే ఉన్నా, పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం హాస్టల్ సాంబారన్నం రెండు ముద్దలు తిని, సాయంత్రం గంట జిమ్ చేసే అమ్మాయికీ రావచ్చు. పోటీపరీక్షల కోసం రోజూ నాలుగైదు గంటలే నిద్రపోయే ఇంటర్ పిల్లల్లోనూ కనిపిస్తుంది. చలి ఎక్కువ వేయడం, మలబద్ధకం, జుట్టు రాలడం, తిండి గురించే ఎప్పుడూ ఆలోచన, ఇవి తోడుంటాయి. మీ జుట్టు రాలడానికి బయోటిన్ తక్కువవడం కన్నా ఈ బరువు తగ్గడమే కారణం కావడానికి ఎక్కువ అవకాశం. బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులుగా ఊడటం బాగా తెలిసిన విషయమే.

పొరపాటు జరిగేది ఇక్కడే. ఈ స్థితిలో ఉన్న అమ్మాయిల్లో చాలామందికి స్కాన్‌లో అవే నీటి బుడగలు కనిపిస్తాయి. రిపోర్టు మీద పీసీఓడీ అని పడుతుంది. పీసీఓడీ అనగానే "బరువు తగ్గు, అన్నం మానెయ్" అన్న సలహా వెంటనే వస్తుంది. తిండి చాలక నెలసరి ఆగిన పిల్ల ఇంకా తక్కువ తింటుంది. రెండిటికీ వైద్యం పూర్తిగా ఎదురెదురు, కాబట్టి ఏదో తేల్చకుండా ఏ సలహా ఇచ్చినా సగం మందికి హాని. రక్తపరీక్షలో కొంత తేడా తెలుస్తుంది. తిండి చాలని వాళ్ళలో ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్ తక్కువగా, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగానో మామూలుగానో ఉంటాయి, స్కాన్‌లో గర్భసంచి పొర పలచగా ఉంటుంది. పీసీఓఎస్‌లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, పొర మందంగా ఉండొచ్చు, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పైవైపు ఉంటుంది. మీ స్కాన్ రిపోర్టులో 'ఎండోమెట్రియం', అంటే గర్భసంచి పొర, అన్న చోట ఎన్ని మిల్లీమీటర్లు రాశారో చూడండి, డాక్టరుకు చూపించండి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దనడానికి కారణం ఎముకలు. ఎముకల్లో సున్నం నిండే వయసు ఇరవైల మధ్య దాకానే. ఆ సమయంలో ఈస్ట్రోజెన్ లేకపోతే నిండాల్సింది నిండదు. ఆరు నెలలు దాటి ఆగితే ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష అడుగుతారు. గర్భనిరోధక మాత్రలిస్తే నెలనెలా రక్తం వస్తుంది కానీ ఎముకలకు పెద్దగా రక్షణ ఉండదు, పైగా అంతా బాగానే ఉందన్న భ్రమ కలుగుతుంది. అసలు మందు తిండి. ఇప్పుడు తింటున్నదానికి రోజుకు 300 నుంచి 500 కేలరీలు కలపాలి. రెండు కోడిగుడ్లు, గుప్పెడు వేరుశనగపప్పు, ఒక గ్లాసు పాలు కలిపితే దాదాపు 400 దాటుతుంది. మూడు పూటలూ తినాలి, అన్నం మానక్కర్లేదు, పప్పులో ఒక చెంచా నెయ్యి వేసుకోండి. జిమ్, పరుగు కొన్నాళ్ళు సగానికి తగ్గించండి. బరువు తిరిగి పెరిగిన మర్నాడే డేట్ రాదు, కొందరికి ఆరు నెలలు, ఏడాది కూడా పడుతుంది. తినాలంటే భయం వేస్తోంటే, తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తోంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి, దానికి మానసిక వైద్యం వేరే ఉంది.

మీరు వాడుతున్న రెండు మాత్రల గురించి ఎవరూ అడిగి ఉండరు.

గ్యాస్ క్యాప్సూల్ అట్ట వెనక్కి తిప్పి చదవండి. పాంటోప్రజోల్‌తోనో రాబిప్రజోల్‌తోనో కలిపి డామ్‌పెరిడోన్ అనో లెవోసల్పిరైడ్ అనో ఉందా? పేరు చివర 'డి' అనో 'ఎల్' అనో ఉండే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో ఉంటుంది. ఈ రెండూ పిట్యూటరీ నుంచి ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్‌ను పెంచుతాయి. బాలింతలకు నెలసరి ఆపేది ఆ హార్మోనే. అది పెరిగితే నెలసరి ఆలస్యమవుతుంది, పూర్తిగా ఆగిపోనూ వచ్చు, కొందరికి రొమ్ముల నుంచి పాలలా కూడా వస్తాయి. ఇది తెలియక ప్రొలాక్టిన్ రిపోర్టు చూసి తలకు ఎంఆర్‌ఐ దాకా వెళ్ళేవాళ్ళున్నారు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వైద్యంలో వాడే రిస్పెరిడోన్ కూడా ఇదే పని చేస్తాయి. గ్యాస్ మాత్రను డాక్టరుకు చెప్పి మూడు రోజులు ఆపి ప్రొలాక్టిన్ చేయించండి. మానసిక వైద్యం మాత్రల్ని మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు. మందులేవీ లేకుండానే ప్రొలాక్టిన్ బాగా ఎక్కువుండి, తలనొప్పి, పక్కచూపు తగ్గడం ఉంటే అప్పుడు ఎంఆర్‌ఐ.

బయోటిన్ నెలసరిని ఆపదు, రిపోర్టుల్ని పాడుచేస్తుంది. జుట్టుకిచ్చే మాత్రల్లో 5, 10 మి.గ్రా. ఉంటుంది, ఒంటికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. చాలా ల్యాబుల్లో హార్మోన్ పరీక్షలు బయోటిన్ అతుక్కునే పద్ధతి మీదే నడుస్తాయి. రక్తంలో అది ఎక్కువుంటే థైరాయిడ్‌కి చూసే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ లేనంత తక్కువగానూ, టీ3, టీ4, టెస్టోస్టెరాన్ లేనంత ఎక్కువగానూ చూపించగలదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళకి ఎక్కువ ఉన్నట్టు రావచ్చు. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపండి, ల్యాబులో చెప్పండి.

చేయించాల్సినవి ఎక్కువేం లేవు: టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రాడయోల్ (అంటే ఈస్ట్రోజెన్), టోటల్ టెస్టోస్టెరాన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ (అడ్రినల్ గ్రంథి లోపం చూసేది), హిమోగ్లోబిన్. నెలసరి వచ్చేవాళ్ళకి ఇవి రెండో మూడో రోజు చేస్తారు, ఆగిపోయినవాళ్ళు ఏ రోజైనా ఇవ్వొచ్చు. పొద్దున పరగడుపున ఇవ్వండి. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది కాబట్టి లేచిన రెండు మూడు గంటలకి, ల్యాబుకి పరుగెత్తుకు రాకుండా పది నిమిషాలు కూర్చుని ఇవ్వాలి. పీసీఓఎస్ అనుమానం ఉంటే పరగడుపు షుగర్ ఒక్కటే చాలదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకి చేసే పరీక్ష అడగండి, తొలిదశ షుగర్ అందులోనే బయటపడుతుంది. ల్యాబుల్లో 'పీసీఓడీ ప్యాకేజీ' అని ముప్పై పరీక్షలు కట్టలుగా అమ్ముతారు, అందులో సగం అక్కర్లేనివి. స్కాన్ పొట్ట మీద నుంచే చేస్తారు, మూత్రసంచి నిండేదాకా నీళ్ళు తాగి వెళ్ళాలి. కలయిక అనుభవం లేని అమ్మాయికి లోపలి నుంచి చేసే స్కాన్ కానీ, లోపలి పరీక్ష కానీ అక్కర్లేదు, వద్దని చెప్పే హక్కు మీకుంది.

షాపువాళ్ళిచ్చిన మాత్ర గురించి. అది బహుశా మెడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ 10 మి.గ్రా. అయ్యుంటుంది, లేదా నారెథిస్టిరాన్ 5 మి.గ్రా. రెండూ ప్రొజెస్టెరాన్ చేసే పనే చేస్తాయి. అయిదు నుంచి పది రోజులు వేసి ఆపితే, అప్పటికే మందమైన పొర ఉంటే రెండు నుంచి ఏడు రోజుల్లో ఊడి రక్తం వస్తుంది. మాత్ర వేసుకుంటున్నన్నాళ్ళు రాదు, ఆపాకే వస్తుంది. ఇది తెలియక మూడోరోజుకి రాలేదని ఇంకో అట్ట కొనేవాళ్ళున్నారు. రెండు వారాలు ఆగినా రాకపోతే అదీ ఒక సమాచారమే: ఒకటి గర్భం, లేదా ఊడటానికి పొరే లేదు, అంటే ఈస్ట్రోజెన్ తక్కువ. మీ విషయంలో ఇలా అయ్యే అవకాశం ఉంది. గర్భసంచి శుభ్రం చేయించుకున్నవాళ్ళలోనూ, గర్భసంచికి టీబీ వచ్చినవాళ్ళలోనూ పొర అతుక్కుపోయి ఇలా కావచ్చు. మన దేశంలో ఆ టీబీని మరిచిపోకూడదు.

అదే నారెథిస్టిరాన్‌ని వ్రతాలకీ, పెళ్ళిళ్ళకీ, తిరుమల ప్రయాణానికీ డేట్ వాయిదా వేయడానికి వాడతారని మీకు తెలిసే ఉంటుంది. అనుకున్న డేట్‌కి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు వేస్తారు. ఎప్పుడో ఒకసారి డాక్టరుని అడిగి వేసుకుంటే ఫర్వాలేదు. శ్రావణం, కార్తీకం, సంక్రాంతి అని ఏడాదిలో నాలుగుసార్లు వాయిదా వేసి, తర్వాత నెలసరి గాడి తప్పిందంటే అసలు చక్రం ఎలా ఉందో ఎవరికీ అంతుపట్టదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కళ్ళముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్ళు అది అసలు ముట్టుకోకూడదు.

పెళ్ళయి గర్భనిరోధక సాధనాలు వాడే అమ్మాయిలు ఈ సమాధానం చదువుతుంటే: ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇచ్చే ఛాయ మాత్ర డేట్‌ని వెనక్కి జరుపుతుంది, అది దాని స్వభావం. 15 రోజులు మించి ఆలస్యమైతే మూత్ర పరీక్ష చేసుకోండి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌తో నెలసరి పూర్తిగా ఆగిపోవడం మామూలే, దానికి డేట్ తెప్పించే మాత్రలు అక్కర్లేదు.

పరీక్షల్లో నిజంగానే పీసీఓఎస్ అని తేలితే? అప్పుడు 90 రోజుల లెక్క గుర్తుపెట్టుకోవాలి. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ రాదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుతూ పోతుంది. ఏళ్ళ తరబడి అలా పెరిగితే ఆ పొరలో కణాలు చెడు దారి పట్టొచ్చు, గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే కనీసం మూడు నెలలకోసారైనా పొర రాలేలా చూడాలి, నెలనెలా రావాలన్న పట్టుదల అక్కర్లేదు. దానికి ప్రొజెస్టెరాన్ మాత్రలు, లేదా ఈస్ట్రోజెన్‌తో కలిసిన గర్భనిరోధక మాత్రలు. రెండోవి మొటిమలకూ అవాంఛిత రోమాలకూ కూడా పనిచేస్తాయి, వాటి ఫలితం కనబడటానికి ఆరు నెలలు పడుతుంది. వాటిని మొదలుపెట్టాక టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించి లాభం లేదు, మూడు నెలలు ఆపితే తప్ప సరైన అంకె రాదు. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మాత్ర.

బరువు ఎక్కువున్నవాళ్ళు అందులో నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గితే చాలామందికి అండం మళ్ళీ విడుదలవుతుంది. 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలంటే అసాధ్యం కాదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, పళ్ళెంలో అన్నం సగానికి తగ్గించి ఆ ఖాళీలో కూర, పప్పు, గుడ్డు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఇస్తే 500 మి.గ్రా.తో మొదలుపెట్టి, తిండితో పాటే వేసుకుంటూ, వారం రెండు వారాలకోసారి పెంచాలి. ఒకేసారి పెద్ద మోతాదు వేసుకుంటే విరేచనాలు పట్టుకుని మందే మానేస్తారు. ఏళ్ళ తరబడి వాడే శాకాహారులు బీ12 చూపించుకోవాలి. నెట్‌లో అమ్మే పీసీఓఎస్ పొడుల జోలికి నేనైతే పోవద్దంటాను, డబ్బా మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన ఉంటుందన్న భరోసా లేదు.

చాలా రోజులు ఆగి వచ్చిన నెలసరి ఒక్కోసారి కుండపోతగా వస్తుంది. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలకు మించి తడుస్తున్నా, రూపాయి బిళ్ళకన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళండి, తెల్లారేదాకా ఆగొద్దు. మొదటి నెలసరి నుంచీ ఇలాగే ఉండి, పళ్ళు తోముకున్నా రక్తం వస్తుంటే రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉండొచ్చు, ఆ పరీక్ష అడగాలి.

ఇంట్లో వాళ్ళు చెప్పే పెళ్ళి మాట. పెళ్ళివల్ల ఏ హార్మోనూ మారదు. పెళ్ళయ్యాక గర్భం వస్తే తొమ్మిది నెలలు, పాలిచ్చినన్నాళ్ళు ఎలాగూ నెలసరి రాదు కాబట్టి సమస్య కనబడకుండా పోతుంది, 'సర్దుకుంది' అంటారు. అండమే విడుదల కాని వాళ్ళకు ఆ గర్భం రావడమే ఆలస్యమవుతుంది, అప్పుడు అదే ఇంట్లో ఇంకో రకం మాటలు మొదలవుతాయి. అలాగని పీసీఓఎస్ ఉంటే పిల్లలు పుట్టరన్నదీ నిజం కాదు, అండం విడుదలకు లెట్రోజోల్ లాంటి మాత్రలతోనే ఎక్కువమందికి పని జరుగుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద గత ఏడాది మొదలైన తేదీలు గుర్తున్నన్ని, నెలనెలా మీ బరువు, వాడుతున్న ప్రతి మాత్ర పేరు, స్కాన్ రిపోర్టు పెట్టుకోండి. గ్యాస్ క్యాప్సూల్ పేరు చెప్పడం కాదు, అట్టే తీసుకెళ్ళండి. "బరువు తగ్గడం మొదలయ్యాకే ఇలా అయింది" అన్న వాక్యం మొదట చెప్పండి, చివర్లో కాదు. 90 రోజులకు మీకింకా ఇరవై రోజులుంది, పరీక్షలకు అది సరిపోతుంది. గ్యాస్ మాత్రలో ఏముందో, ఎండోమెట్రియం ఎన్ని మిల్లీమీటర్లో ఇక్కడ రాస్తే తర్వాతిది మాట్లాడుకుందాం.